ఎనిమిది ఫోన్లలో గట్టిమేళం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా ఆ సోమవారం వచ్చినంత కోపం మా ఇంటాయన మీద కూడా ఎప్పుడూ రాలేదు. కారణం ఒక చిన్న అంకె. నా చేతులతో నేను మొట్టమొదట తయారు చేసిన వెబ్‌సైటు అడుగున, దాన్ని ఎన్నిసార్లు తెరిచారో చూపించే మీటరు ఒకటి పెట్టుకున్నాను. అందులో మూడు అని ఉంది. ఆ మూడుసార్లూ తెరిచింది నేనే.

మరి ఆదివారం రాత్రి మా ముగ్గురి గ్రూపులో వచ్చిన పొగడ్తలు? "అదిరింది" అని ఒకరు. "సూపర్, తిరుగులేదు" అని ఇంకొకరు. బొటనవేళ్ళు, చప్పట్లు, వరసగా అయిదు గులాబీలు. ఆ గులాబీలు చూసుకుని నేను సోమవారం పొద్దున ఇడ్లీలు రెండు ఎక్కువ తిన్నాను కూడా!

నేను ప్రొద్దుటూరులో ఒక ఫ్లెక్సీ షాపులో పదేళ్ళుగా డిజైనర్ని. పుట్టినరోజులు, పదవి వచ్చిన శుభాకాంక్షలు, ఓణీల ఫంక్షన్లు, సంవత్సరీకాలు, అన్నీ నా చేతి మీదుగానే గోడలెక్కాయి. మా పనంతా తలకాయల పని. ఎవరి తల ఎంత సైజుండాలి, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు, ఎవరిది కిందికి దిగితే షాపు ముందు గొడవవుతుంది, ఇవన్నీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎన్నాళ్ళని తలకాయలు అతికిస్తానని, ఆర్నెల్లు ఆదివారాలు పోయి వెబ్‌సైట్ల కోర్సు నేర్చుకున్నాను. అక్కడ కుదిరిన స్నేహితులే ఆ ఇద్దరు. జమ్మలమడుగులో ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరుగా చేసే అక్క ఒకరు. పులివెందుల బస్టాండు దగ్గర నెట్ సెంటరు, ఫోన్ల రిపేరు షాపు కలిపి నడిపే అన్న ఒకరు. కోర్సు ముగిసిన రోజు చెరకురసం తాగుతూ ఒప్పందం చేసుకున్నాం. ఎవరు ఏ సైటు చేసినా మిగతా ఇద్దరూ చూడాలి, చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెరకురసం గ్లాసు చేతిలో పెట్టుకుని మరీ ఇచ్చుకున్న మాట అది.

ఆ మొదటి సైటు మా వీధి మామది. చుట్టరికమేమీ లేదు, సన్నాయి వాయిస్తాడు, వీధంతా మామ అనే పిలుస్తుంది. నా పెళ్ళికి వాయించింది ఆయన మేళమే. మేళమంటే అయిదుగురు. సన్నాయిలు ఇద్దరు, డోళ్ళు ఇద్దరు, తాళం ఒకరు. డోలు వాయించే ఇద్దరూ అన్నదమ్ములు. అప్పుడు ఆషాఢం నడుస్తోంది, మేళగాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చునే నెల. మామూలుగానైతే శ్రావణం ముహూర్తాలకు ఈపాటికి కబుర్లు వచ్చేయాలి. ఆ ఏడు ఒక్కటీ రాలేదు. అందరూ డీజేలే. అన్నదమ్ములిద్దరూ చూసి చూసి, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల లోడింగుకు వస్తామని మేస్త్రీకి మాటిచ్చేశారు. నేను మీటరు చూసుకున్న సోమవారం కాదు, ఆ పై సోమవారం నుంచి పని.

"వాళ్ళని తప్పు పట్టలేను పాపా," అన్నాడు మామ నాతో. "కానీ డోలు లేకుండా నేను సన్నాయి యాడ వాయించేది? ఇంట్లో గోడలకా?"

ఒక్క ఆశ ఉంది. పులివెందులలో చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్న ఒక రైతు కూతురి పెళ్ళికి మేళం మాట్లాడదామనుకుంటున్నాడు. ఆయన మామకు ఫోన్ చేసి చెప్పిన మాటలు నేను స్పీకర్లో విన్నాను. "మా వాళ్ళంతా యాడ్యాడనో ఉండారు మామా. పిల్లోళ్ళు డీజే అంటాండారు. మీ మేళం ఫోన్లో చూసేట్టు, ఇనేట్టు ఏమన్నా ఉంటే గురువారం పంపియ్యి. శుక్రవారం పొద్దున అందరం కలిసి ఒక మాట అనుకుంటాం." ఆయన అన్నదమ్ముల ఇళ్ళలోనూ శ్రావణంలోనే ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఈ ఇంటికి ఎవరు వాయిస్తే ఆ ఇళ్ళకూ వాళ్ళే. అంటే శుక్రవారం వాళ్ళు ఊ అంటే మేళం నిలబడుతుంది. కాదంటే సోమవారం డోళ్ళు అటక ఎక్కుతాయి. నేను ఊరుకుంటానా? "మామా, నువ్వు గమ్మునుండు, నేను చేసిపెడతా!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

చేశాను కూడా. అబ్బ, ఏం చేశానని! చుట్టూ బంగారు అంచు. రెండు పక్కలా నెమళ్ళు. పైన వినాయకుడు, ఆయన కింద శ్రీరస్తు. ఆ కింద వార్డు పెద్దల దగ్గర నుంచి గుడి కమిటీ దాకా ఇరవై రెండు తలకాయలు. నడుమ సన్నాయితో మామ. మిగతా నలుగురు మేళగాళ్ళు అడుగున చిన్న చిన్న గుండ్రాల్లో. పెళ్ళి కార్డులకు వాడే మెలికల అక్షరాలతో మా షాపు ఫాంటులో రాతలు. పేజీ తెరవగానే దానంతటదే సన్నాయి మొదలవుతుంది. మా షాపు పెద్ద తెర మీద అది చూసి నాకే దండం పెట్టుకోవాలనిపించింది.

ఇక సోమవారం మీటరు చూశాక అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నా సైటు ఎట్లుండాది?"

"శానా బాగుండాది మే. రంగులైతే బలే కుదిరినాయి."

"ఏ రంగులు?"

"అదే... ఎర్రది... పచ్చది..."

"నువ్వు తెరవనే లేదు గదా?"

"యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతాండా మే. నువ్వు చేసినావంటే బాగనే ఉంటాదిలే అని..."

అన్నకు చేస్తే ఆయన ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. "తెరవల్ల్యా. అయిపోయింది అని నువ్వే పెట్టినావు గదా పాపా? అయిపోయిందానికి బాగుందనక ఏమంటారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా కడప జిల్లా వాళ్ళకు మొహమాటం లేదని, మాట కరుకని కోస్తా వాళ్ళు అంటుంటారు. అది నిజమే, మనిషి ఎదురుగా ఉన్నంతసేపు. ప్రొద్దుటూరు బట్టల షాపులో చీర భుజాన వేసుకుని చూడండి. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కూడా "నీకు ఆ రంగు నప్పదు మే, తీసెయ్" అని లాగి పక్కన పడేస్తుంది. మనం కూడా ఏమీ అనుకోకుండా ఇంకోటి తీయమంటాం. అదే మనిషి చేతికి ఫోనిస్తే గులాబీలు పంపిస్తుంది. సరే, అట్లయితే ఎదురుగానే నిలబడతానని షాపులో రెండు రోజులు సెలవు పెట్టాను. ఓనరు ఏదో సణిగాడు. నా మొహం చూసి మళ్ళీ సణగలేదు.

మంగళవారం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కాను. చివరి గంట కొట్టి పిల్లలు బయటికి వస్తుంటే నేను లోపలికి పోయాను. అక్క నన్ను చూసి నాలుక కరుచుకుంది. నేరుగా కంప్యూటర్ల గదికి తీసుకుపోయింది. పది కంప్యూటర్లు ఉంటే ఆరు పనిచేస్తున్నాయి. కొన్ని పాతవి, కొన్ని ఈ మధ్యవి, ఒక్కోదాంట్లో ఒక్కో బ్రౌజరు. అక్క ఆరింటిలోనూ నా సైటు తెరిచింది.

శ్రీరస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములు, బ్రాకెట్లు. మామ పేరు ఉండాల్సిన చోట ఎవరో కీబోర్డు మీద చింతపండు పిసికినట్టు ఉంది. ఆరింటిలోనూ అదే. రెండు కంప్యూటర్లలో నెమళ్ళు తెర దాటి పోయాయి. ఒకదాంట్లో వినాయకుడు ఒక్కడే కనపడుతున్నాడు, మిగతా పెళ్ళంతా పక్కకు జరిపి చూసుకోవాలి.

"ఏంది మే ఇది?" అంది అక్క.

"ఫాంటు అక్కా!" నెత్తిన కొట్టుకున్నాను. "మా షాపు ఫాంటు నీ కంప్యూటర్లలో లేదు, అంతే. పెన్‌డ్రైవులో తెచ్చినా, ఎక్కిస్తే సరిపోతాది."

మా డీటీపీ వాళ్ళ అలవాటు అది. ఒక షాపు నుంచి ఇంకో షాపుకు పని తీసుకుపోతే, ఫైలుతో పాటు ఫాంటును కూడా పెన్‌డ్రైవులో వేసుకుని పోతాం. అక్కడ ఫాంటు ఎక్కించి ప్రింటు తీసుకుంటాం. పదేళ్ళుగా అదే చేస్తున్నదాన్ని, ఇక్కడ కూడా చేయి దానంతటదే బ్యాగులోకి పోయింది.

అక్క నా చేతిలోని పెన్‌డ్రైవు వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "ఈడ ఎక్కిస్తావు. బాగుంది. పెండ్లికూతురు మేనత్త ఏ బెంగుళూరులోనో ఉంటాది. ఆమె ఫోనుకు గూడా నువ్వే పొయ్యి ఎక్కిస్తావా? బస్సుకు పోతావా, రైలుకా?"

నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత అక్క చేసిన పని చూసి ఏడుపు వచ్చింది. నా పేజీని ప్రింటు తీసింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసింది. వాళ్ళ అవ్వ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఏదైనా సరే కాగితం మీద రాసుకుంటేనే అర్థమవుతుందని అక్కకు నేర్పింది ఆమేనట. యూనిట్ టెస్టు పేపరు దిద్దినట్టు పై నుంచి కింది దాకా దిద్దుతూ పోయింది. నెమళ్ళకు ఇంటూ. బంగారు అంచుకు ఇంటూ. ఇరవై రెండు తలకాయల చుట్టూ పెద్ద సున్నా. చివర్లో వందకు పద్దెనిమిది వేసి కింద సంతకం పెట్టింది.

"పద్దెనిమిదా!" అరిచాను. "ఆదివారం గులాబీలు పంపినావు గదా?"

"అవి చూడకముందు. ఇవి చూసినాక," అంది అక్క. ఆమె గొంతు మెత్తగానే ఉంది, పెన్ను మాత్రం మెత్తగా లేదు. "చెప్పు. మేళం మాట్లాడాలని వచ్చినోళ్ళకి కావాల్సింది ఏంది? మేళం ఎట్లుంటాది. మేం అనుకున్న రోజు ఖాళీగా ఉండారా. ఎవురికి ఫోన్ చెయ్యాల. అంతే గదా? నీ పేజీలో ఫోన్ నంబరు యాడుంది?"

వెతికాను. తామరపూల కింద, అన్నింటికన్నా అడుగున ఉంది.

"ఈ ఇరవై రెండు మంది ఎవురు? సన్నాయి వాయిస్తారా?"

"తీసేస్తే కొట్లాటకొస్తారు అక్కా. తలకాయ లేదని ఒకాయన మా షాపు కుర్చీ విరగ్గొట్టినాడు తెలుసా?"

"అది గోడ మే, బజార్లో పొయ్యేటోళ్ళందరూ చూస్తారు. ఇది పెండ్లోళ్ళ అరచేతిలో ఉండేది. ఇంత అరచేతిలో ఇరవై రెండు మంది యాడ పడతారు?" అని, పేజీ అడుగున ఉన్న చిన్న గుండ్రాల మీద పెన్నుతో పొడిచింది. "డోలు వాయించేది వీళ్ళే గదా? వీళ్ళ కోసమే గదా నువ్వు ఈ పని పెట్టుకున్నింది? వీళ్ళని తామరపువ్వు వెనకాల దాచిపెట్టినావు."

నేను ఆ గుండ్రాల వైపు చూశాను. నిజమే. అన్నదమ్ముల్లో చిన్నోడి మొహం సగం పువ్వు కిందికి పోయింది. పదేళ్ళ అలవాటు. పెద్ద తలలు పైన, పనిచేసే తలలు కింద. నాకు సిగ్గేసింది, గట్టిగా సిగ్గేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "సరే, మొదటి నుంచి చేద్దాం రా," అన్నాను.

పొద్దుగూకే దాకా చేశాం. ప్రతి ఫోన్లోనూ ఉండే మామూలు తెలుగు అక్షరాలు పెట్టాం. మెలికలు లేవు, కానీ చదవచ్చు. వార్డు పెద్దలకు "ఆశీస్సులు" అని విడిగా ఒక పేజీ ఇచ్చాం. ఎవరి తలా తెగలేదు, ఎవరూ కుర్చీ విరగ్గొట్టరు. పై భాగంలో అయిదుగురూ ఒకే సైజులో, ఒకే వరసలో. వాళ్ళ కింద ఫోన్ నంబరు, దాని కింద ఖాళీ రోజుల పట్టిక. తెర చిన్నదైతే పేజీ తనంతట తానే సర్దుకుని ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాశాం. అక్క ఆరు కంప్యూటర్లలోనూ మళ్ళీ తెరిచింది. ఆరింటిలోనూ "సన్నాయి మేళం, ప్రొద్దుటూరు" అని నల్లగా, నిండుగా, తెలుగులో పడింది. మేమిద్దరం చిన్నపిల్లల్లాగా కేకలు పెట్టాం. వాచ్‌మన్ వచ్చి కిటికీలోంచి తొంగి చూసి పోయాడు.

"ఇప్పుడెన్ని మార్కులు?" అన్నాను.

"పులివెందులకు పొయ్యి రా, తర్వాత చెప్తా. ఈడ ఉండేది కంప్యూటర్లు. పెండ్లోళ్ళు చూసేది ఫోన్లలో."

బుధవారం పొద్దున ఎర్రగుంట్ల మీదుగా పులివెందులకు పోయాను. సిమెంటు లారీలు అడ్డం పడి బస్సు అరగంట ఆగింది. లారీల మీద బూడిద రంగు దుమ్ములో తలకు గుడ్డలు చుట్టుకుని మనుషులు బస్తాలు ఎత్తి పేరుస్తున్నారు. సోమవారం నుంచి ఆ డోలు చేతులు ఈ పనికే. తొందరగా పోనీయప్పా అని డ్రైవరు మీద ఊరికే అరిచాను. ఆయన వెనక్కి తిరిగి, "ఎగిరిపొమ్మంటావా తల్లీ?" అన్నాడు.

అన్న షాపులో దరఖాస్తుల కోసం రైతులు బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. అన్న నన్ను చూసి తప్పు చేసినవాడిలా నవ్వి, వెంటనే టేబులు సొరుగు లాగాడు. రిపేరు కోసం వచ్చిన ఫోన్లు. కొత్తది, పాతది, అద్దం పగిలింది, గుండీ ఊడింది, రకరకాల కంపెనీలవి. పనిచేసేవి ఎనిమిది ఏరి, ఒక్కొక్కరూ రాసిచ్చిపోయిన ఇంటి నంబరుకు ఫోన్ చేసి "అన్నా, నీ ఫోన్లో ఒక సైటు తెరిచి చూసుకుంటా" అని అడిగి మరీ, బల్ల మీద వరసగా పేర్చాడు. ఆ వరస చూస్తే నాకు పెళ్ళి పందిట్లో విస్తళ్ళు పరిచినంత సంబరమేసింది.

"ఇప్పుడు చూడు నీ సైటు బండారం," అన్నాడు.

ఎనిమిదింటిలోనూ అక్షరాలు బాగానే వచ్చాయి. నేను ఎగరబోయేంతలో బెంచీ మీది పెద్దాయన ఒకాయన మెడ సాచి, "మేళం అంటాండావు గదమ్మా, చప్పుడు యాదీ?" అన్నాడు.

చప్పుడు లేదు. ఏ ఒక్క ఫోన్లోనూ లేదు. మా షాపు కంప్యూటర్లో తెరవగానే మోగే సన్నాయి, ఫోన్లలో నోరు మూసుకుని కూర్చుంది.

"ఫోన్లో బ్రౌజర్లు ఒకరు నొక్కందే పాట పాడనీవు పాపా," అన్నాడు అన్న. "తాకాల. తాకనీకి ఏమన్నా పెట్టినావా?"

పెట్టలేదు. పేజీ నడుమ పెద్ద గుండీ ఒకటి పెట్టాం, "మేళం వినండి" అని. నొక్కితే నాలుగు ఫోన్లలో మోగింది. మిగతా నాలుగింటిలో గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. చూస్తే నేను పెట్టింది నా పెళ్ళి వీడియోలోంచి తీసిన నలభై నిమిషాల రికార్డు. దాని బరువుకు పాత ఫోన్లు చతికిలబడ్డాయి. పైగా ఆ ఫైలు రకమే కొన్ని బ్రౌజర్లకు పడదట. అన్న దాన్ని అన్ని ఫోన్లూ ఒప్పుకునే రకానికి మార్చడం మొదలుపెట్టి, "ఒక్క నిమిషానికి కోసెయ్యి. అంతకన్నా ఎవురూ ఇనరు," అన్నాడు.

నలభై నిమిషాల్లో ఏ నిమిషం? నాకు తోచలేదు. మామకు ఫోన్ చేశాను.

"ఇంకేంది పాపా, గట్టిమేళమే," అన్నాడు మామ క్షణం కూడా ఆలోచించకుండా.

అన్న ఫోను లాక్కుని స్పీకరు నొక్కాడు. "మామా, అది పెడితే దాన్నే మైకులో ఏసుకుని తాళి కట్టేస్తారు. మిమ్మల్ని ఎవురు పిలుస్తారు?"

"ఫోనుకు కండ్లు ఉండాయా నాయనా?" అన్నాడు మామ. "నిమిషం అయిపోతానే ఆగిపోతాది. మేం పెండ్లికొడుకు చేతులు చూస్తా వాయిస్తాం. ఆ పాప పెండ్లిలో వాళ్ళాయన చేతులు వణికినాయి. రెండో ముడి పడింది, మూడోది పడల్ల్యా. డోలోళ్ళు ఆపలేదు. మూడో ముడి పడేదాకా ఊపిరి తీసుకోకుండా కొట్టినారు. అడుగు ఆ పాపను."

నా పెళ్ళిలో నేను తల వంచుకుని కూర్చున్నాను, నాకేం కనపడుతుంది? మేళం ఎందుకు అంత సేపు మోగిందో పన్నెండేళ్ళకు ఇప్పుడు తెలిసింది. మా ఇంటాయన ఎప్పుడూ చెప్పలేదు, చెప్తాడా! ఆ నిమిషాన్నే కోశాం. గుండీ కింద ఒక వాక్యం రాశాను. "మూడో ముడి పడేదాకా ఆపం." అన్న చదివి తల ఊపాడు.

ఇద్దరం నాలుగేసి ఫోన్ల మీద వేళ్ళు పెట్టాం. ఒకటి, రెండు, మూడు అని నొక్కాం.

ఎనిమిది ఫోన్లలో గట్టిమేళం! అన్నీ ఒకేసారి కాదు, ఒకటి ముందూ ఒకటి వెనకా. డోళ్ళు పదహారైనట్టు ఆ చిన్న షాపు దద్దరిల్లింది. నేను అన్న భుజం మీద దబదబా కొట్టేశాను. అప్పుడు చూశాను, బెంచీ చివర పింఛను కాగితాలతో కూర్చున్న ముసలావిడను. ఆమె కళ్ళు మూసుకుంది. కుడిచేయి దానంతటదే పైకి లేచింది. గుప్పిట్లో ఏమీ లేదు, అయినా అక్షింతలు చల్లినట్టు మా వైపు విదిలించింది. ఆమె పక్కనున్న పెద్దాయన చేయి కూడా లేచింది. మేళం ఆగాక ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

"ఎవురి పెండ్లమ్మా?" అంది ముసలావిడ.

"నాదే అవ్వా," అన్నాను.

ఆ తర్వాత బెంచీ మొత్తం పరీక్ష పెట్టేసింది. ఒకాయన పట్టికలో తేదీలు చీమల్లా ఉన్నాయన్నాడు. ఇంకొకాయన చదవకుండానే ఫోన్ చేయడానికి ఫోను బొమ్మ పెట్టమన్నాడు. అన్నీ చేశాం. పగిలిన అద్దం ఫోన్లో పట్టిక తెర దాటి పోతుంటే రెండు గంటలు కుస్తీ పట్టి లోపలికి లాక్కొచ్చాం. అన్న చీనీ రసం తెప్పించాడు, నేను తాగడం కూడా మర్చిపోయాను.

గురువారం పొద్దున లింకు పెళ్ళివారికి పోయింది. మా గ్రూపులో గులాబీలు నిషేధమని రాశాను. జవాబుగా అక్క ఎర్ర పెన్ను పేజీ ఫోటో పంపింది. డెబ్బయ్ ఒకటి. కింద, "అంకెలు ఇంకా కొంచెం పెద్దవి చెయ్యి" అని. అంత ఆనందం నాకు ఏ గులాబీకీ కలగలేదు.

శుక్రవారం పొద్దున మామ మా షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు, లోపలికి రమ్మంటే రాలేదు. నేను మీటరు చూస్తూ కూర్చున్నాను. రాత్రి అరవై ఉన్నది పొద్దున తొంభై అయింది. పది గంటలకు నూట నలభై దాటింది. ఎవరో చూస్తున్నారు, మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. కానీ ఫోను రాలేదు. పదకొండయింది. పెద్దోడు, "పోదాం రా," అన్నాడు తమ్ముడితో.

అప్పుడు మోగింది మామ ఫోను. స్పీకరు నొక్కాను. ముందు మాటలేమీ వినపడలేదు. ఇంటి నిండా మనుషుల గోల, ఆ గోల మధ్య నుంచి గట్టిమేళం. ఒకటి కాదు, రెండు మూడు ఫోన్లలో, ఒకటి ముందూ ఒకటి వెనకా. "రేయ్, ఒక నిమిషం ఆపండ్రా!" అని ఆ రైతు అరిచాడు. ఆ తర్వాత మా వైపుకు, "మామా! పొద్దున్నుంచి ఇదే మోత మా ఇంట్లో. పిల్లోళ్ళేమో డీజే, డీజే అంటిరి. మా అమ్మ ఆ గుండీ నొక్కి నొక్కి ఇంటాంది. మూడో ముడి పడేదాకా ఆపం అని రాసినారంట గదా, నా మనవరాలికి వాళ్ళే కావాల అంటాంది. మూడు పెండ్లిండ్లకూ మీరే. డోలు ఆ ఫోటోలో ఉండే ఇద్దరే రావాల, ఇంకెవుర్నో తేవద్దు."

మామ ఫోను నా చేతిలో పెట్టేశాడు. నేనే గట్టిగా "వస్తారన్నా, వస్తారు!" అని అరిచాను. ఆ అరుపుకు పక్క షాపు వాళ్ళు బయటికొచ్చారు.

గుమ్మం దగ్గర చిన్నోడు మా కంప్యూటరు వైపు చూస్తున్నాడు. తెర మీద అయిదుగురిలో ఒకడిగా, నిండుగా, తామరపువ్వు అడ్డం లేకుండా తన మొహం. కాసేపు అట్లాగే చూసి, జేబులోంచి ఫోను తీసి ఎర్రగుంట్ల మేస్త్రీకి కలిపాడు.

"అన్నా, సోమారం మేం రాము," అన్నాడు. "శ్రావణంలో మాకు పెండ్లిండ్లుండాయి."